కరడు ఎప్పుడు కట్టింది?

పత్రికల జిల్లా ఎడిషన్లలో ‘కరడుగట్టిన’ అనే మాట ఎక్కువగా రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి నేరవార్తల పేజీ: ‘కరడుగట్టిన దొంగ అరెస్టు’. రెండోది రాజకీయ వార్త: ఫలానా ఆయన కరడుగట్టిన కమ్యూనిస్టు, ఫలానా ఇంటివాళ్లు తాతల నాటి నుంచి కరడుగట్టిన కాంగ్రెస్‌వాదులు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలాకాలం మూడో చోటు కూడా ఉండేది. అది ఈ రెండింటినీ కలిపేసే చోటు: ‘కరడుగట్టిన నక్సలైటు’. ఆ మాటలో మనిషి నమ్మకం ఎక్కడ ముగిసి నేరం ఎక్కడ మొదలైందో చదివేవాడికి తెలియదు. రాసేవాడు చెప్పక్కర్లేదు కూడా, విశేషణమే ఆ పని చేసిపెడుతుంది.

ముందు మాట కట్టుబడి చూద్దాం. కరడు అంటే గడ్డ, గట్టిపడిన ముద్ద. కరడు, కట్టిన అనే రెండు ముక్కలు కలిసినప్పుడు ‘క’ కాస్తా ‘గ’ అయింది. అయితే చాలామంది చెవికి ‘గట్టిన’లో ‘గట్టి’ వినిపిస్తుంది, అందుకే మాట ఇంకాస్త గట్టిగా తోస్తుంది. నిజానికి అక్కడున్నది ‘కట్టు’ అనే క్రియ. కొందరు ‘కరుడుగట్టిన’ అని రాస్తారు. రెండు రూపాలూ అచ్చులో కనిపిస్తూనే ఉంటాయి, నిఘంటువు ముందేసుకుని దెబ్బలాడుకోవాల్సినంత తేడా ఏమీ లేదు.

పక్క భాషల్లో దీని చుట్టాలు సరదాగా ఉంటాయి. తమిళంలో ‘కరడుమురడు’ అంటే ఎగుడుదిగుడుగా, గరుకుగా ఉండేది. కన్నడంలో ‘కరడు’ అంటే చిత్తుప్రతి, మనం ముసాయిదా అనేది. అంటే కన్నడంవాడి కరడు ఇంకా కొట్టివేతలకీ దిద్దుబాట్లకీ సిద్ధంగా ఉన్న కాగితం. మన కరడు ఇక దిద్దడానికి వీల్లేని మనిషి. పాత తెలుగు కావ్యాల్లోకి వెళితే కరడు అంటే అల అని కూడా ఉంది. అది వేరే మాటే కావచ్చు, రూపం మాత్రం ఒకటే. కళింగపట్నం ఒడ్డున నిలబడితే ఒక్క క్షణం నిలకడగా ఉండని కెరటానికీ, ఒక్క అంగుళం కదలని మనిషికీ తెలుగులో ఒకే అక్షరాలు సరిపోయాయి.

అసలు విషయం ‘కట్టు’లో ఉంది. మబ్బు కట్టింది, పాచి కట్టింది, నురుగు కట్టింది, పుండు పక్కు కట్టింది అంటాం. ఇవన్నీ ముందు అలా లేనివి. కాలం గడిచి, ఏదో జరిగి, అలా అయినవి. కరడుగట్టిన అనేదీ అంతే, అది పుట్టుక గురించి చెప్పదు, జరిగిపోయిన పని గురించి చెబుతుంది. అందువల్ల ఈ మాట వాడిన ప్రతిసారీ ఒక ప్రశ్న దాని వెంటే రావాలి: ఎప్పుడు కట్టింది? దేనివల్ల? వాడుకలో ఆ ప్రశ్న రాదు. ‘పొడుగాటి మనిషి’, ‘చామనఛాయ మనిషి’ అన్నంత తేలిగ్గా ‘కరడుగట్టిన మనిషి’ అని రాసేస్తారు. ఒక క్రియ పేరుకుని గుణమైపోయింది.

ఈ తేడా వంటింట్లో ఇంకా బాగా తెలుస్తుంది. కవిటి, సోంపేట వైపు ఉద్దానంలో పుష్యమాసం తెల్లవారుజామున కొబ్బరినూనె సీసా తలకిందులు చేసినా చుక్క జారదు. లోపల తెల్లగా, సీసా ఆకారంలోనే బిగిసి ఉంటుంది. పుల్ల పెట్టి గుచ్చితే చిన్న గుంట పడుతుంది తప్ప నూనె రాదు. ఎండ తగిలే అరుగు మీద పెడితే ముందు అంచులు కరుగుతాయి, మధ్యలో తెల్లటి ముద్ద కాసేపు తేలుతుంది, బడి గంట కొట్టే వేళకి అదీ ఉండదు. దీన్ని ఎవరూ కరడు అనరు. పేరుకుంది అంటారు, గడ్డకట్టింది అంటారు. అదే పొయ్యి మీది బెల్లం పాకం ఒక్క నిమిషం ఏమరుపాటుతో ముదిరి గిన్నె అడుగున బిగుసుకుపోయిందనుకోండి, ఎండా గిండా దాన్ని ఏమీ చేయలేవు. నీళ్లు పోసి నానబెట్టాలి, గరిటెతో గీకాలి, అప్పటికీ గిన్నె మీద గీతలు మిగులుతాయి.

ఊళ్లలో రాజకీయ అభిమానం చాలావరకు మొదటి రకం. ఎన్నికల నెలలో పేరుకుంటుంది, కౌంటింగ్ అయిన పదిరోజులకి కరుగుతుంది. ఓటు కోసం మాటలు మానుకున్న బావా బావమరుదులు పెళ్లి పందిట్లో పక్కపక్కనే కూర్చుంటారు. దానికి ‘కరడుగట్టిన’ అనే మాట పెట్టడం అతిశయోక్తి. ఆ మాట రెండో రకానికి దాచుకోవాల్సింది.

ఏ నమ్మకం పక్కన ఈ మాట ఒదుగుతుందో, ఏ నమ్మకం పక్కన ఒదగదో చూస్తే దాని మనసులో ఏముందో బయటపడుతుంది. కరడుగట్టిన కమ్యూనిస్టు, కరడుగట్టిన హిందుత్వవాది, కరడుగట్టిన కులవాది. ఇవి నాలుక మీద సాఫీగా పోతాయి. కరడుగట్టిన గాంధేయవాది అనండి, ఎక్కడో తేడా కొడుతుంది. అక్కడ ‘నిఖార్సైన’ అనే మాట తెచ్చుకుంటాం. కరడుగట్టిన ప్రజాస్వామికవాది అంటే నవ్వు వస్తుంది. కరడుగట్టిన మితవాది అంటే అది జోకే. నిజానికి గాంధీ మార్గం పట్టినవాళ్లలో ఏ తీవ్రవాదికీ తీసిపోని పట్టుదల గలవాళ్లు బోలెడుమంది. నిరాహారదీక్ష కన్నా రాజీలేని పని ఏముంటుంది? అయినా వాళ్లకి ఈ మాట రాదు. అంటే కరడుగట్టిన అనేది పట్టుదల ఎంత ఉందో కొలిచే మాట కాదన్నమాట. ఆ పట్టుదల చూసి ఎదుటివాడు ఎంత భయపడ్డాడో కొలిచే మాట. నేరవార్తల పేజీ వాసన దాన్ని ఇంకా వదల్లేదు.

నిఖార్సైన అనేది బంగారం గురించి అనే మాట, కల్తీ లేనిది అని. ‘పక్కా’ అంటే పండినది, ఉడికినది. ఇంగ్లీషులో ఇలాంటి వాళ్లని ఉన్ని దశలోనే రంగు పట్టినవాళ్లు అంటారు. దారం వడకక ముందే రంగులో ముంచితే అది పోగు పోగునా ఇంకుతుంది, నేసిన బట్ట మీద అద్దిన రంగులా ఉతుకుల్లో వెలవదు. పొందూరు నేతగాళ్లకి ఈ పోలిక చెబితే వెంటనే పట్టుకుంటారు గాని, ఒక మెలిక ఉంది. పొందూరు సన్న ఖద్దరు గొప్పంతా రంగు లేకపోవడంలోనే. వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసిన పత్తి తెల్లదనమే దాని పేరు. స్వచ్ఛత అనగానే ఒకరికి ఇంకిపోయిన రంగు గుర్తొస్తుంది, ఇంకొకరికి రంగే అంటని నూలు. మన తెలుగు మాట ఈ రెండు దారుల్లోనూ పోకుండా గడ్డని ఎంచుకుంది.

ఇంగ్లీషు ‘డైహార్డ్’ మన దగ్గరికి సినిమా అభిమానుల ద్వారా వచ్చింది, ఫలానా హీరోకి డైహార్డ్ ఫ్యాన్ అని. దాని పుట్టుక యుద్ధభూమి. 1811లో స్పెయిన్‌లో అల్బుయేరా యుద్ధంలో గాయపడిన ఒక బ్రిటిష్ కల్నల్ తన దళాన్ని అంత తేలిగ్గా చావొద్దని హెచ్చరించాడట, ఆ దళానికే ఆ పేరు నిలిచింది. వందేళ్ల తర్వాత 1911లో ప్రభువుల సభ అధికారాలకు కత్తెర వేసే చట్టాన్ని చివరిదాకా ఎదిరించిన లార్డులకు అదే పేరు పెట్టారు. ‘ఇంట్రాన్సిజెంట్’ అనే ఇంకో మాట స్పెయిన్‌దే. 1870లలో అక్కడి రిపబ్లికన్లలో ఏ బేరానికీ ఒప్పుకోని వర్గం పేరు అది. గమనించాల్సింది ఒక్కటి. ఆ రెండు మాటలకూ పుట్టిన తేదీ ఉంది, ఒక ఘటన ఉంది. మన మాటకి తేదీ లేదు. అందువల్లే కాబోలు, దాన్ని ఎవరికి పడితే వారికి తగిలించడం తేలికైంది.

మనకి ఇలాంటి మాటలు లేక కాదు. పాత తెలుగులో రాజీపడని నమ్మకానికి ముందు పెట్టే మాట ‘వీర’. వీరశైవులు, వీరవైష్ణవులు అలా వచ్చినవే. ఆ ‘వీర’ దిగుతూ దిగుతూ ఇవాళ వీరాభిమాని దగ్గర ఆగింది. ‘ఛాందసుడు’ మొదట ఛందస్సు, అంటే వేదం, చదువుకున్నవాడు. అది గౌరవపదం. కాలం మారితే అదే లోకం పోకడ తెలియని మొండివాడి పేరైంది. ‘పిడివాదం’లో పిడికిలి బిగింపు ఉంది. ‘పట్టుదల’ మెచ్చుకోలు, ‘మొండిపట్టు’ తిట్టు, రెండింటిలోనూ పట్టు ఒక్కటే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే సామెత ఎప్పుడూ ఎదుటివాడి కుందేలు గురించే.

మాటల్లో దీన్ని జనం ఎలా అంటారు? శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ తాగుతూ ఎవరూ ‘కరడుగట్టిన’ అనరు, అది అచ్చు మాట, టీవీ మాట. అక్కడ వినిపించేవి వేరు. ‘ఆడిది ఒకటే మాట, ఒకటే జెండా బావూ, సచ్చినా మారడు.’ ‘మా నాయన ఓటు కంకి కొడవలికే, అది బేలెట్టులో లేకపోతే ఓటుకే ఎల్లడు.’ ఇందులో గడ్డ ప్రసక్తి లేదు. మారడు అన్న సంగతి ఉంది, దాని మీద కాస్త వేళాకోళం, కాస్త గౌరవం ఉన్నాయి. ఎవరు మంచి, ఎవరు చెడ్డ అన్న తీర్పు ఇంకా ఇవ్వలేదు. అచ్చులోకి వచ్చేసరికి ఆ మనిషే కరడుగట్టినవాడు అవుతాడు.

ఉత్తరాంధ్రలో ఈ మాట మీద ఇంతసేపు ఆగడానికి కారణం చరిత్ర. కరడు ఎలా కడుతుందో ఏడాదీ నెలా పెట్టి చెప్పగలిగిన ప్రాంతం ఇది.

1960ల మొదట్లో అప్పటి శ్రీకాకుళం జిల్లా ఏజెన్సీలో, ఇప్పుడు చాలావరకు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న కొండల్లో, జాతాపులూ సవరలూ మైదానం నుంచి వచ్చిన షావుకార్ల దగ్గర అప్పుల్లో కూరుకుపోయి ఉండేవారు. కొండ దిగి తెచ్చిన చింతపండుకీ అడ్డాకులకీ షావుకారు చెప్పిందే తూకం, అతను కట్టిందే ధర. తాకట్టు పెట్టిన పొలం చేజారిపోయేది, ఆ పొలంలోనే పాలేరుగా పనిచేయాల్సి వచ్చేది. వెట్టి చాకిరీ సరేసరి. అలాంటి చోట గిరిజనుల్ని సంఘంగా కూడగట్టినవాళ్లలో ముఖ్యులు ఇద్దరు స్కూలు మాస్టార్లు, వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం. జనం నోట ‘సత్యం మాస్టారు’. వాళ్ల తొలి పనులు చూస్తే కరడు అనేది ఎక్కడా కనిపించదు. పాలేర్ల కూలి పెంచమనడం, వెట్టి ఆపమనడం, అన్యాయపు అప్పులు రద్దు చేయమనడం, పోయిన భూమి తిరిగి ఇమ్మనడం. ఊరేగింపులు, మహాసభలు, అర్జీలు. కొన్ని డిమాండ్లు నెరవేరాయి కూడా.

1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభ. దానికి నడిచి వెళుతున్న జనాన్ని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. కేసు నడిచింది. 1968లో నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. అదే ఏడాది నవంబరులో సాయుధ పోరాటం మొదలైంది.

లేవిడి కాల్పులకీ నవంబరుకీ మధ్య దాదాపు పదమూడు నెలలు. ఆ పదమూడు నెలల్లో కోర్టు తీర్పు కోసం ఎదురుచూసిన కాలం కూడా ఉంది. తుపాకీ మీద ముందే మనసుపడ్డ మనుషులైతే అన్ని నెలలు ఆగరు. పశ్చిమ బెంగాల్‌లోని నక్సల్బరీ రైతు తిరుగుబాటు ప్రభావం, కమ్యూనిస్టు పార్టీలోపలి చీలికలు, బయటి నాయకుల ఒత్తిడి, అన్నీ ఉన్నాయి, వాటిని తీసిపారేయలేం. కానీ జనంలో పాకం ముదిరింది తీర్పు వచ్చిన రోజునే అనుకోవడానికి గట్టి ఆధారం ఈ తేదీల వరుసే.

తర్వాత జరిగింది వేగంగా జరిగింది. 1969 ఏప్రిల్ 22న నక్సలైట్ల పార్టీ సీపీఐ (ఎంఎల్) ఏర్పడింది. ‘వర్గశత్రు నిర్మూలన’ అనే మాట కొండల్లోకి వచ్చింది. షావుకార్ల ఇళ్ల మీద దాడులు, హత్యలు, వాటికి జవాబుగా పోలీసు క్యాంపులు, ఊళ్లకు ఊళ్లు ఖాళీ. 1969 మే నెలలో ఉద్యమ నాయకుడు పంచాది కృష్ణమూర్తిని, డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహిని పోలీసులు చంపారు. పాణిగ్రాహి జముకుల కథ చెప్పే కళాకారుడు. జముకు మీద తాళం వేస్తూ ఊరూరా కథ చెప్పిన గొంతు అది. 1970 జూలై 10న సత్యం, కైలాసం ఇద్దరూ చనిపోయారు, ఎన్‌కౌంటర్ అని పోలీసులు ప్రకటించారు. అదే 1970లో, ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1959 నాటి నిబంధనలను బిగిస్తూ ప్రభుత్వం తెచ్చిన సవరణే ఇవాళ అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనే 1/70 చట్టం. సంఘం మొదట్లో అర్జీల్లో అడిగిన వాటిలో భూమి సంగతి ఒకటి. ఆ అడగడానికీ ఈ చట్టానికీ మధ్య జరిగినదంతా ‘కరడుగట్టిన’ అనే ఒక్క మాట కింద పూడిపోతుంది.

ఆ మాట హత్యల్ని సమర్థించడానికీ పనికిరాదు, ఖండించడానికీ పనికిరాదు. లక్ష్యం మీద కరడు కట్టడం ఒకటి, దారి మీద కరడు కట్టడం ఇంకొకటి. గిరిజనుడి భూమి గిరిజనుడికే అన్న దాంట్లో బేరం లేదనడం ఒక పట్టు. దానికి శత్రువుని చంపడమే దారి, వేరే దారి అడిగినవాడు ద్రోహి అనడం వేరే పట్టు. తెలుగు మాట రెండింటినీ ఒకే ముద్ద చేసేసింది. ఉద్యమంలో ఉన్నవాళ్లకు మాత్రం ఈ తేడా బాగా తెలుసు, దాని మీదే వాళ్లు చీలిపోయారు. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి లాంటివాళ్లు 1969లో శాసనసభ్యత్వం వదిలి బయటికి వచ్చినా, శ్రీకాకుళంలో సాగిన నిర్మూలన పంథాతో ఏకీభవించలేదు. లోపలివాళ్ల తిట్లు కూడా వేరు. తనకన్నా మెత్తగా ఉన్నవాడు రివిజనిస్టు, తనకన్నా ముందుకు దూకినవాడు దుస్సాహసికుడు. కరడుగట్టిన అనే మాట ఆ పత్రాల్లో వెతకడం దండగ. అది బయటివాళ్ల మాట.

లక్ష్యం, దారి విడివిడిగా కదలగలవనడానికి నాగభూషణ్ పట్నాయక్ జీవితం మంచి ఉదాహరణ. ఒడిశా సరిహద్దు అవతలి నుంచి వచ్చి శ్రీకాకుళం పోరాటంలో నిలిచిన ఆయనకు 1970లో ఉరిశిక్ష పడింది. క్షమాభిక్ష అడగడానికి ఒప్పుకోలేదు. డిక్షనరీలో కరడుగట్టిన అనే మాట పక్కన బొమ్మ వేయాలంటే ఆ ఖైదీ బొమ్మే వేయాలి. ఉరి యావజ్జీవ శిక్షగా మారింది, ఏళ్ల తర్వాత విడుదలయ్యారు. 1980ల్లో ఆయన ఇండియన్ పీపుల్స్ ఫ్రంట్ అనే బహిరంగ ప్రజాసంస్థకు నాయకుడు. సభలు, ఊరేగింపులు, ఎన్నికలు. అడవి దారి పోయింది, పేదవాడి పక్షం పోలేదు. కరడు కరిగిందా? ఆయన్ని వదిలి వెళ్లిన పాత సహచరులు కరిగిందంటారు. వెంట ఉన్నవాళ్లు లేదంటారు. పాకం పోలిక ఇక్కడికి వచ్చేసరికి పనిచేయదు, మనిషిలో గట్టిపడ్డ ముక్కలు ఒకటికన్నా ఎక్కువ ఉంటాయి.

దీనికి ఎదురుగా, అదే జిల్లాలో, అదే తరానికి కాస్త ముందు ఇంకో మనిషి. బారువలో 1909లో పుట్టిన గౌతు లచ్చన్న. ఆయన్ని ఎవరూ కరడుగట్టిన ఫలానావాది అనలేదు, ఎందుకంటే ఆ ఖాళీలో ఏ పార్టీ పేరు రాయాలో తేలదు. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, స్వతంత్ర పార్టీ, ఆ తర్వాత మరికొన్ని. జెండా మార్చడమే నిలకడలేనితనం అయితే ఆయనకన్నా నిలకడలేనివాడు ఉండడు. అయినా రైతు, కల్లుగీత కార్మికుడు అనే రెండు చోట్ల ఆయన ఎవరితోనూ రాజీపడలేదు. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలింది. గీత కార్మికుల పక్షాన ఆ పోరు నడిపినవాళ్లలో లచ్చన్నది ముందువరుస. ఎమర్జెన్సీలో జైలు. జనం పెట్టిన పేరు ‘సర్దార్’. నమ్మకం ఒకటే, గుడ్డ రంగు మారుతూ పోయింది. పార్టీ పేరుతో తప్ప కదలని మన విశేషణానికి ఇలాంటి మనిషి దొరకడు.

సోంపేట బీల, అంటే అక్కడి చిత్తడి నేలల సంగతీ అంతే. థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని 2010లో అక్కడి రైతులూ మత్స్యకారులూ ఎదురు నిలిచారు, జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, అయినా వెనక్కి తగ్గలేదు. వాళ్లని పత్రికలు ఆందోళనకారులు అన్నాయి, గ్రామస్తులు అన్నాయి, మొండిపట్టు అన్నాయి. కరడుగట్టిన అనడానికి వాళ్ల పేరు వెనుక ‘ఇస్టు’ గానీ ‘వాది’ గానీ లేదు. బీల మాది అనడానికి ఏ వాదమూ అక్కర్లేకపోయింది.

ఇక ‘రాజీ’. అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చిన మాట, ఇష్టపడటం, ఒప్పుకోవడం దాని అసలు అర్థం. రాజీనామా అంటే నిజానికి ఒప్పుదల కాగితం. హిందీలో ఇప్పటికీ రాజీనామా అంటే ఇద్దరు కలహం మాని రాసుకునే ఒడంబడిక. తెలుగులో అది పదవి వదిలేసే ఉత్తరం అయింది. అందువల్ల మనకి ఒక విచిత్రమైన వాక్యం సాధ్యమైంది: రాజీపడని మనిషి రాజీనామా ఇచ్చాడు. పార్లమెంటులో, శాసనసభలో, పంచాయతీ బోర్డులో, రాజీపడను అని చెప్పడానికి మనవాళ్లు వాడే కాగితం పేరు ఒప్పుదల కాగితం. ఇది భాష చేసిన తమాషా అని నవ్వి ఊరుకోవచ్చు.

గత ఇరవై ముప్పై ఏళ్లలో ఈ మాట ఇంకో మలుపు తిరిగింది. 1985లో ఫిరాయింపుల నిషేధ చట్టం వచ్చినా కండువాలు మారడం ఆగలేదు. పొద్దున ఒక పార్టీ, మధ్యాహ్నం ఇంకో పార్టీ. పత్రికలు ‘జంప్ జిలానీలు’ అని పేరు పెట్టి నవ్వుకున్నాయి. అలాంటి రోజుల్లో మారనివాడికి విలువ పెరిగింది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో కార్యకర్తలు తమకి తామే రాసుకుంటున్నారు, ‘నేను కరడుగట్టిన ఫలానా పార్టీ కార్యకర్తని’ అని. నేరవార్తల పేజీ నుంచి వచ్చిన మాట మెడలో దండ అయింది. నామినేటెడ్ పదవి ఎవరికి ఇవ్వాలన్న తగువు వచ్చినప్పుడు అది అర్హత పత్రం కూడా. ‘కష్టకాలంలో ఉన్నది మేమే, నిన్న వచ్చినవాళ్లకి పదవులా?’ అన్న మండల స్థాయి అలకకి ఆ ఒక్క విశేషణంలో మొత్తం కేసు ఉంటుంది. ఇలా వాడేవాళ్లలో నమ్మకం ఏమిటని అడిగితే జవాబు చాలాసార్లు ఒక నాయకుడి పేరు. సిద్ధాంతం ఉండదు, మేనిఫెస్టో గుర్తుండదు. కరడు ఉంది, దేని కరడో తెలియదు. డైహార్డ్ ఫ్యాన్‌కీ కరడుగట్టిన కార్యకర్తకీ మధ్య గోడ ఇక్కడ కూలింది. పాత కమ్యూనిస్టు కుటుంబాల్లో పెద్దవాళ్లకి ఈ వాడుక చిరాకు తెప్పిస్తే వాళ్లని తప్పుపట్టలేం. ఆ విశేషణం వాళ్ల ఇళ్ల మీదికి వచ్చినప్పుడు వెనకే పోలీసు జీపు కూడా వచ్చింది.

మనిషి పోయాక మాట మారుతుంది. బతికున్నంతకాలం కరడుగట్టినవాడైన మనిషి, సంతాప సభనాటికి ‘నిబద్ధత గల నాయకుడు’ అవుతాడు. ప్రత్యర్థి పార్టీ నాయకుడూ వేదికెక్కి ‘సిద్ధాంతాల విషయంలో రాజీలేని మనిషి’ అంటాడు, నిన్నటిదాకా మొండివాడని తిట్టిన నోటితోనే. ఒకే గుణం, మూడు పేర్లు. ఎదుటిపక్షంలో ఉంటే కరడు, మన పక్షంలో ఉంటే నిబద్ధత, చనిపోతే రాజీలేనితనం.

విజయనగరంలోనో పలాసలోనో ఫ్లెక్సీలు వేసే దుకాణానికి వెళితే ఆ మూడో పేరు కంప్యూటర్లో ముందే సిద్ధంగా ఉంటుంది. సంస్మరణ సభ డిజైన్ అని ఒక ఫోల్డర్. తెరవగానే దీపం బొమ్మ, పూలదండ, మధ్యలో ఫొటో కోసం గుండ్రటి ఖాళీ, కింద పెద్ద అక్షరాల్లో ‘రాజీలేని పోరాట యోధుడు’. కుర్రాడు ఫొటో స్కాన్ చేసి ఆ గుండ్రంలో పెడతాడు, పేరు కొడతాడు, పుట్టిన తేదీ, పోయిన తేదీ అడుగుతాడు. తర్వాత ఇంకొక్క ప్రశ్న వేస్తాడు, ‘బ్యాక్‌గ్రౌండ్ ఎరుపా, పసుపా, నీలమా?’